అత్త నమిలిన బియ్యం

నిన్న సాయంత్రం నుంచీ నేను మనిషిలో లేను. అత్త పోయినందుకు బాధ ఉంది, కానీ అది మామూలు బాధ. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయింది. నన్ను కుదిపేసింది అది కాదు. ఆమెను సాగనంపి వచ్చి అక్కావాళ్ల పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే ఒక మాట విన్నాను. చేతిలో చెంబు జారి కాలి మీద పడింది, నొప్పి కూడా తెలియలేదు. ఏడేళ్లుగా నేను క్లాసులో వందలమంది పిల్లలకు గొప్పగా చెబుతూ వచ్చిన కథ ఒకటి ఆ మాటతో తలకిందులైంది. ఆ సంగతికి వస్తాను. ముందు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి, లేకపోతే నా గుండె ఎందుకు గుభేలుమందో మీకు తెలియదు.

అత్త అన్నానే గానీ ఏ చుట్టరికమూ లేదు. మా అక్కను ఇచ్చింది కడప జిల్లాలో ఒక నేత ఊరికి. ఎర్రగుంట్లలో రైలు దిగి బస్సెక్కితే ముప్పావుగంట. అక్కావాళ్లింట్లో మూడు మగ్గాలు. పక్కింటి నుంచి వచ్చి వాళ్లకు కండెలు చుట్టేది ఈమె. మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టే పుల్లలకు రాట్నం మీద నూలు చుట్టడమే ఆ పని. కోడళ్లు, కూతుళ్లు, కూరగాయల బండివాడు, వీధిలో అందరూ ఆమెను అత్తా అనే పిలిచేవాళ్లు. ఆమె మాత్రం నన్ను "అల్లుడా" అనేది, పిల్లనిచ్చే ఉద్దేశం ఏమీ లేకుండానే.

మగ్గాల ఇంట్లో మాటలకు కొదవ ఉండదు. ఊరి సంగతులు, ఓట్ల సంగతులు, టీవీ సీరియళ్లు, ఎవరి కోడలు ఎవరిని ఏమన్నది, అన్నీ అక్కడే తేలాలి. అత్త ఆ మాటల్లో కలగజేసుకునేది కాదు. రాట్నం కిర్రుమంటూ తిరుగుతూ ఉండేది. ఉన్నట్టుండి ఆగేది. ఆగిందంటే ఎవరో ఏదో తిక్క మాట అన్నట్టే. మా బావ అయితే అది ఆగగానే "నేనేమీ అనలేదబ్బా" అని ముందే చేతులెత్తేసేవాడు.

ఒక ఏడు వీధివాళ్లు చందాలేసుకుని ఆంజనేయస్వామి గుడికి రంగు వేయించారు. వారం తిరక్కముందే మంచి వాన పడింది. మా వైపు వాన పడడమంటే మాటలు కాదు. బావ తడిసిన తల తుడుచుకుంటూ వచ్చి, "చూసినారా, రంగేస్తానే వాన పడె" అన్నాడు. రాట్నం ఆగింది.

"యాడ పడింది నాయనా?"

"ఈడే, మనూర్లో."

"పక్కూర్లో పడలేదా?"

"పడింది. అయితే ఏమిప్పుడు?"

"వాళ్ల గుడికి రంగు ఎవురేసినారు మరి?"

మగ్గాల మీద కూర్చున్న ఇద్దరూ పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వేశాడు. రాట్నం మళ్లీ తిరగడం మొదలైంది. అంతే, ఆమె అంతకుమించి ఒక్క మాట అనదు. నీది తప్పు అని ఎవరినీ ఎప్పుడూ అనగా నేను వినలేదు. అడుగుతుంది, అడిగి ఊరుకుంటుంది.

ఇంకోసారి మా అక్క చిక్కుళ్లు గిల్లుతూ "ఈ కాలం పిల్లోల్లంతా ఫోన్లు చూసి చెడిపోయినారు" అంది. ఆ మేడింటి పిల్లోడు, ఈ మూలింటి పిల్ల అని ఇద్దరి పేర్లు చెప్పింది. అత్త "మూడో పేరు చెప్పు మే" అంది. అక్క చిక్కుళ్లు అయిపోయేదాకా ఆలోచించింది. మూడో పేరు దొరకలేదు. పైగా దొరికిన రెండు పేర్లలో ఒక పిల్ల ఆ ఏడే టెన్త్‌లో మండలం ఫస్టు వచ్చిందని మధ్యలో గుర్తొచ్చి, నాలుక కరుచుకుంది.

మగ్గం మీద ఒకాయనకు విపరీతంగా దగ్గు. బీడీలు మానమని డాక్టరు చెప్పాడట. "ఆయప్పే సిగరెట్లు తాగుతాడు, నాకేం చెప్తాడు" అని ఈయన వాదన. అత్త అడిగింది, "ఆయప్ప తాగితే నీ దగ్గు తగ్గుతాదా?" ఎలక్షన్లప్పుడు కండువా వేసుకున్న ఒకాయన గడపలో నిలబడి, "మాకెయ్యవంటే వాళ్లకేస్తావన్నమాటే గదమ్మా" అని గదమాయించాడు. "నేను ఓట్ల పొద్దు మహానందికి పోతాండానప్పా, కోనేట్లో మునగాల" అంది. ఆయన పాపం ఎటూ తేల్చుకోలేక మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు.

నేను నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెబుతాను. 'కొన్ని కుర్చీలు బల్లలు, అన్ని బల్లలూ చెట్లు, కాబట్టి' అని మొదలుపెట్టి ఏది తేలుతుంది, ఏది తేలదు అని పిల్లల చేత పేజీలకు పేజీలు చేయిస్తాను. సెలవులకు అక్క దగ్గరికి వెళ్లినప్పుడు, అత్త అడిగే ప్రశ్నలకు మా పుస్తకాల్లో ఉన్న పేర్లన్నీ చెప్పేవాణ్ని. విని నవ్వేది. "తిక్క మాటకు కూడా ఇంత పెద్ద పేరు పెడ్తే ఇంకేముందల్లుడా, అది గొప్పనుకుంటారు" అనేది. నేను పదహారేళ్ల చదువుతో చేసేది ఆమె ఐదో తరగతితో చేస్తున్నదని నాకు లోలోపల కొంచెం కుళ్లు కూడా ఉండేది. దాచుకోవడమెందుకు.

ఆమె దొరికిపోవడం నేను చూసింది ఒక్కసారే. "మంగళవారం చుట్టిన కండెలు తెగుతాయి" అంది. "బుధవారం చుట్టినవి తెగవా అత్తా?" అన్నాను. రాట్నం ఆపి నన్ను చూసింది. తర్వాత లేచి ఇంటికి వెళ్లి, చెంగులో వేయించిన వేరుశెనగ బుడ్డలు తెచ్చి నా దోసిట్లో పోసింది. "పట్టుకుంటివి పో" అంది. ఓడిపోయినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అయితే అందరికీ ఆమె అంటే ముద్దు అనుకోకండి. "ముసల్ది అన్నిటికీ అడ్డం పడ్తాది" అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. ఒకరోజు నేనూ విసుక్కున్నాను. ఆ రోజు సంగతే ఇది.

ఏడేళ్ల కిందటి మాట. అక్క తలంటుకోవడానికి వెళ్తూ, మా అమ్మ ఇచ్చిన రాళ్ల కమ్మలు తీసి మగ్గం పక్కన గోడగూట్లో పెట్టింది. స్నానం చేసి వచ్చేసరికి లేవు. ఇల్లంతా వెతికారు. మగ్గం గుంటలో దిగి చూశారు, చెత్తబుట్ట కుమ్మరించారు. బయటివాళ్లు ఎవరూ రాలేదు. ఇంట్లో ఉన్నది మేము ముగ్గురం, నేతకు వచ్చిన ఇద్దరు, అత్త, ఇంకా లక్ష్మిదేవి. ఈ లక్ష్మిదేవి మగ్గాల ఇళ్లలో పైపనులు చేసే మనిషి. నూలు తడపడం, ఆరబెట్టడం, ఊడవడం ఆమె పని. వీధిలో నాలుగైదు ఇళ్లు ఆమెకు ఆధారం.

పోలీసుల దాకా ఎందుకు, బియ్యం పెడదాం అన్నాడు బావ. మా వైపు ఇది ఇప్పటికీ ఉంది. వెనక వీధిలో ఒకాయన బియ్యం మంత్రించి ఇస్తాడు. అనుమానం ఉన్నవాళ్లందరూ తలా గుప్పెడు నమిలి ఆకులో ఉమ్మాలి. తడిగా పడితే మంచివాళ్లు. పొడిపిండిలా పడితే దొంగ. నేను రీజనింగ్ మాస్టరునే, వద్దనాలి కదా? వద్దనకపోగా అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఇందులో మంత్రమేమీ లేదు, సైన్సు ఉంది, తప్పు చేసినవాడికి భయం ఉంటుంది, భయం ఉంటే నోట్లో నీళ్లు ఊరవు, అందుకని దొంగ బియ్యం పొడిగా ఉంటాయి అని. చదువుకున్నవాడు చెప్పాడని అందరూ తలలూపారు. తలచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

రాట్నం ఆగింది. "దొంగకు నోరెండుతాదంటివి. సరే. నోరెండినోల్లంతా దొంగలేనా అల్లుడా?" అని అడిగింది అత్త.

ఇదే ప్రశ్న నేను ప్రతి బ్యాచికీ బోర్డు మీద రాసి ఇస్తాను. అయినా నేనన్నది ఏమిటో తెలుసా? "ఇది వాదనల టైము కాదత్తా, ముందు వస్తువు దొరకాల" అన్నాను.

బియ్యం ఆయన వచ్చాడు. పసుపు గుడ్డలోంచి బియ్యం తీసి, ఏదో గొణిగి, ఒక్కొక్కరికీ పెట్టాడు. నేతగాళ్లు ఇద్దరూ ఉమ్మారు, తడిగా ఉన్నాయి. లక్ష్మిదేవి నమిలింది. నమిలింది, నమిలింది, మింగుడు పడనట్టు కళ్లు తేలేసింది. ఆకులో ఉమ్మితే తెల్లటి పొడి రాలింది. అక్క పెద్దగా "నా ఇంట్లో అన్నం తిని నాకే చేస్తివా మే!" అంటూ చెయ్యెత్తింది. బావ ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. గడపలో అప్పటికే జనం. ఈ మాట బయటికి పోతే ఆ వీధిలో ఇంకే ఇల్లూ లక్ష్మిదేవిని గడప తొక్కనీయదు. ఆమె నేల చూస్తూ నిలబడింది, లేదనీ అనలేదు, అవుననీ అనలేదు.

"నాకు పెట్టలేదే" అంది అత్త.

"మీకెందుకమ్మా" అన్నాడు బియ్యం ఆయన.

"ఇంట్లో ఉండినా గదా. పెట్టు."

పెట్టక తప్పలేదు. అందరం చూస్తుండగా నమిలింది. ఆకు కూడా అడగలేదు, తన అరచేతిలోనే ఉమ్ముకుంది. పొడి. లక్ష్మిదేవిది అక్కడక్కడా కొంచెమైనా ముద్ద కట్టింది, ఈమెది అదీ లేదు. ఊదితే లేచిపోయేలా ఉంది. ఆ చెయ్యి అట్లాగే చాపి అందరికీ చూపిస్తూ నడిచింది.

ముందు తేరుకున్నది అక్క. "అయ్యో, అత్తకు షుగరు గదా, నోరెండుతాది" అంది. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అన్నాడు బావ. "వయసైపోయింది, ఎంగిలి యాడ ఊరుతాది" అన్నారు గడపలోంచి ఎవరో. నేను కూడా మందుల వల్ల అయి ఉంటుందని ఏదో అన్నాను.

"నాకైతే నిమిషంలో ఇన్ని కారణాలు ఎతికితిరే," అంది అత్త, "దానికి ఒక్కటి ఎతకలేదు ఎందుకు?"

బియ్యం ఆయన గుడ్డ మూట కట్టుకుని వెళ్లిపోయాడు. లక్ష్మిదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటికి పోయింది. మూడో రోజు కమ్మలు దొరికాయి. గూటి కింద ఉండే నూలుగంపలో, చిలపల కట్టల మధ్య. అక్క వలవలా ఏడ్చింది. కొత్త చీర తీసుకుని లక్ష్మిదేవి ఇంటికి పోయి చేతులు పట్టుకుని బతిమాలి పనికి పిలుచుకొచ్చింది. బియ్యం పెట్టడం ఆ వీధిలో అంతటితో ఆగిపోయింది.

ఈ కథే నేను క్లాసులో చెబుతూ వచ్చాను. ఏ పాపమూ తెలియని ఒక ఆడమనిషిని తప్పుడు ఆలోచనతో మేమందరం ఎట్లా దొంగను చేశామో, కమ్మలు ఇంట్లోనే పడి ఉన్నాయని ఎట్లా తేలిందో, నన్ను నేనే తిట్టుకుంటూ చెప్పేవాణ్ని. పిల్లలు ఊపిరి బిగబట్టి వినేవాళ్లు. ఒకసారి అత్తకే చెప్పాను, "నీ కత మా పిల్లోల్లకు చెప్తాండా" అని. ఏమని చెప్తాండావని అడిగితే మొత్తం చెప్పాను.

"గంపలోకి జారి పడినాయని నువ్వు చూసినావా?" అంది.

"అక్కే గదత్తా గంపలోంచి తీసింది."

నా ముఖం చూసి, సరేలే అని పని చూసుకుంది. పెద్దదైపోయింది, మునుపటి చురుకు తగ్గింది పాపం అనుకున్నాను. చూడండి నా తెలివి.

నిన్నటి సంగతికి వస్తాను. క్లాసులో ఉండగా అక్క ఫోన్ చేసింది. దొరికిన రైలెక్కి వచ్చాను. సాగనంపడం అయిపోయాక పెరట్లో కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే, లక్ష్మిదేవి వచ్చింది. పొద్దున్నుంచీ ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది.

"అన్నా, ఆ కత ఇంకా చెప్తాండావా పిల్లోల్లకు?"

"చెప్తాండానమ్మా. ఇంక జన్మంతా చెప్తా."

"అట్ల చెప్పొద్దు. కమ్మలు నేనే తీసింటి."

చెంబు జారింది అప్పుడే. ఏమంటున్నావని రెండుసార్లు అడిగాను. ఆమె ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. "అవసరముండి తీసినానని చెప్తే నువ్వు కనికరిస్తావు. అవసరమేమీ లేదన్నా. గూట్లో మెరుస్తా కనపడినాయి, తీసి నడుముకు దోపుకుంటి. ఎందుకంటే నాకే తెలీదు. ఆ సాయంత్రం అత్త మా ఇంటికి వచ్చింది. బియ్యం సంగతి వదిలెయ్, నేను అడుగుతాండా, నువ్వు తీసినావా అనింది. అంతవరకూ నన్ను ఎవురూ అడగనే లేదు గదా. అడుగుతానే ఏడ్చి ఇచ్చేస్తి. మూడోనాడు ఆయమ్మే కండెల బుట్టలో పెట్టుకొచ్చి గంపలో ఏసింది."

"ఆమెకు ముందే తెలుసా?"

"అనుమానమంట. అనుమానముంటే అడగాల, బియ్యం పెట్టేదేంది అనింది. అనుమానం పెట్టుకోనే మీ అందరి ముందరా నా తరపున లేచినాది. అందుకే భయానికి నోరెండిపోయిందంట. ఆయమ్మకు షుగరు యాడుండాదన్నా? మీరే అంటిరి, ఆయమ్మ ఊరుకుండె. నమిలేముందు ఏమైతాదో ఆయమ్మకు కూడా తెలీదంట."

కొళాయి గోడను పట్టుకున్నాను. షుగరు లేదు. కమ్మలు జారిపడలేదు. ఏ పాపమూ తెలియని మనిషీ లేదు. నేను క్లాసులో చెప్పిన కథలో నేను చూడకుండా తేల్చుకున్నవి ఎన్ని ఉన్నాయో ఒక్కొక్కటే బయటపడుతుంటే సిగ్గుతో తల వంచుకున్నాను. ఏడేళ్లు! రీజనింగ్ మాస్టరు!

"తప్పు చేయని దాని తరపున నిలబడిందని చెప్తే, అది ఆయమ్మ కత కాదన్నా" అంది లక్ష్మిదేవి.

అప్పుడే అక్క పెరట్లోకి వచ్చింది. చెవులకు అవే కమ్మలు. లక్ష్మిదేవి భుజం మీద చెయ్యేసి, "ఊరుకో మే. ఆ పొద్దు నిన్ను అన్న మాటకు నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు" అంది. లక్ష్మిదేవి ఇక తట్టుకోలేకపోయింది. అక్క కాళ్ల దగ్గర కూలబడి అంతా చెప్పేసింది. అక్క నమ్మలేదు. "అత్త మీద దిగులుతో ఏమేమో వాగుతాండాది, నువ్వు అట్లాంటిదానివి కాదు, నాకు తెలీదా" అని నా వైపు చూసింది. "నిజమే అక్కా" అన్నాను.

అక్క చేతులు చెవుల దగ్గరికి వెళ్లాయి. కమ్మలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కోపం వస్తుంది, తిడుతుంది, కొడుతుంది అని నేను ఎదురుచూస్తున్నాను. కానీ ఆమె ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది.

"అయితే ఆ పొద్దు బియ్యం నిజమే చెప్పినాయిరా!" అంది.

ఒక్క నిమిషంలో ఏడేళ్లు వెనక్కి పోయాం. రేపు ఈ మాట వీధిలో పడుతుంది, ఎల్లుండి మళ్లీ ఆ పసుపు గుడ్డ వస్తుంది, ఇంకో ఆడమనిషి నోట్లో గుప్పెడు బియ్యం పెడతారు. అత్త ఉంటే అడిగేది. ఇప్పుడు అత్త లేదు. ఏమని చెప్పాలో తోచక పుస్తకాల్లో పేర్లన్నీ వెతుక్కున్నాను. ఒక్కటీ నోటికి రాలేదు. అందరి ముందూ అరచెయ్యి చాపుకుని నడిచిన ఆ మనిషే కళ్ల ముందు మెదిలింది.

"బియ్యం ఆ పొద్దు ఇద్దరిని దొంగలని చెప్పినాయక్కా," అన్నాను. "అత్త కూడా దొంగేనా?"

పక్కింటి అరుగు మీద పొద్దున అత్తను పడుకోబెట్టిన చోటు ఆ పెరట్లోంచి కనిపిస్తుంది, కడిగిన నీళ్లు ఇంకా ఆరలేదు. ఆ వైపు చూస్తూ అక్క కొళాయి గట్టు మీద కూర్చుంది. తర్వాత చెయ్యి చాపి, నేల మీద ఉన్న లక్ష్మిదేవిని లేవమంది.